వల కన్ను, టోపీ కన్ను

కావలి డిపోలో తెల్లారుజామున అయిదింటికి
తుమ్మలపెంట బండి ఎక్కేటప్పుడు
నా సంచిలో మూడుంటాయి:
టిక్కెట్ల మిషను, చిల్లర డబ్బా,
ముదురాకుపచ్చ ఊలు ఉండ.

"ఊలా? మన కావల్లోనా?" అని నవ్వుతారు.
నవ్వరా మరి. డిసెంబరంటే మాకు
వాయుగుండం, జల్లు, మెడ వెనక ఉక్క.
చలనేది వార్తల్లో ఆదిలాబాదుకు పడేది.
అయినా ఇంటిమీద కాగితం నక్షత్రం కట్టామంటే
నా వేళ్లు ఊరుకోవు.

హాస్టల్లో రత్నవల్లి టీచరు
విరిగిన గొడుగు ఊచలు రెండు బండకు నూరి
నా చేతికిచ్చింది, తొమ్మిదేళ్లప్పుడు.
రెండు ముందు కుట్లు, రెండు వెనక.
తప్పితే ఆ ఊచతోనే మెటిక మీద దెబ్బ.
ఇప్పుడు నావి స్టీలు సూదులు. కొట్టేవాళ్లు లేరు.
అందుకే తప్పులెక్కువ.

ఈసారి టోపీ మస్తానయ్యకు.
పదకొండేళ్లు ఒకే బండి,
ఆయన వీపు చూస్తూ నేను, నా విజిలు వింటూ ఆయన.
ముప్పై ఒకటిన రిటైరు.
చెవుల్లోకి గాలి పోకుండా తువ్వాలు చుట్టుకుంటాడు.
అది రోజూ సరుగుడు తోపు కాడికొచ్చేసరికి
జారి భుజం మీద పడుతుంది.
ఆయన పట్టించుకోడు. నేను పట్టించుకుంటా.

ఇరవయ్యో తారీకు,
రొయ్యల గుంటల కాడ స్పీడు బ్రేకరు.
ఒళ్లో ఉండ ఎగిరి కిందపడింది.
ఇక దాని ఇష్టం.
చెప్పుల సందున, సంచుల సందున,
పోలమ్మ ఖాళీ చేపల గంపకు ఒక ప్రదక్షిణం,
స్పేరు టైరు వెనక కాసేపు మకాం.
"ఎవురూ కాళ్లు కదపొద్దండే!" అని అరిచా.
బండెడు జనం, తొలిసారి నా మాట విన్నారు.
టిక్కెట్టు తీసుకోనోళ్లు కూడా దారం పట్టుకున్నారు.
చేతికీ చేతికీ చుట్టుకుంటూ
వెనక్కొచ్చింది ఉండ,
బీడీ వాసనతో, నిన్నటి చందువా వాసనతో,
ఎవరి పిల్ల కడియాన్నో విడిచిరాలేక.

కానీ సూది మీంచి ఒక కన్ను జారింది.
జారి, పద్నాలుగు వరసలు
నిచ్చెన దిగినట్టు దిగిపోయింది.

విప్పేద్దామనుకున్నా.
వెనక సీటులో కోదండం తాత, వలలు బాగుచేసే మనిషి,
"ఇట్టా ఇయ్యి పాపా" అన్నాడు.
"ఏముండాది దీంట్లో?
వల కన్నూ కన్నే, టోపీ కన్నూ కన్నే."
జేబులోంచి వెదురు పుల్ల తీసి
పద్నాలుగు మెట్లూ ఒక్కోటే ఎక్కించుకొచ్చాడు.
తాళ్లు కోసి, ఉప్పు మానిపిన గాట్లు ఆయన వేళ్లకు.
ఊలు ఆ గాట్లలో తట్టుకుని
ఆగి ఆగి కదిలింది.
ఆయన స్టాపు వచ్చింది. దిగలేదు.
మస్తానయ్య ఇంజను ఆపి
ఏం జరుగుతుందని అడక్కుండా
కిందికి దిగి బీడీ వెలిగించుకున్నాడు.

ఇరవై మూడున ఊలు అయిపోయింది.
ట్రంకురోడ్డు ఫ్యాన్సీ షాపాయన
"ఆ రంగు మళ్లీ వచ్చే నెలకేనమ్మా" అని
రోజారంగు చూపించాడు.
మస్తానయ్యకు రోజారంగా!
బండిలో ఎవరితో అన్నానో ఏమో,
మర్నాడు మొదటి ట్రిప్పులో కోదండం తాత
నీలం నైలాను ఉండ నా ఒళ్లో పడేశాడు.
వలది. "తడిసినా కుళ్లదు" అన్నాడు.

ఆ రాత్రి చర్చిలో పాటలు సాగుతుంటే
వెనక బెంచీలో కూచుని మెడపట్టీ అల్లా.
పాస్టరమ్మ చూసింది. చూడనట్టు
ఒక చరణం గట్టిగా పాడింది.

క్రిస్మస్ రోజు కూడా బండి తిరుగుద్ది.
స్టీరింగు ముందు కాగితప్పొట్లం పెట్టా,
పక్కన గులాబీ పువ్వులు నాలుగు, నూనె ఓడుతూ.
ఆయన టోపీ తొడుక్కుని, తల అటూ ఇటూ తిప్పి
"మెడ కాడ గరగరలాడతాంది సువార్తా.
చేపల వాసన గూడా" అన్నాడు.
ఉతుకుదామనే అనుకున్నా. మానేశా.

తీస్తాడనుకున్నా.
ఎండెక్కింది. ఉప్పు కయ్యలు తెల్లగా మెరిసి
కిటికీ కమ్మీలు చురుక్కుమన్నాయి.
పోలమ్మ పమిట కొంగుతో విసురుకుంటోంది.
పైనున్న అద్దంలో
ఆకుపచ్చ తల, నీలం మెడ, కారుతున్న చెమట.
సరుగుడు తోపు వచ్చింది,
పోయింది.
ఏదీ జారలేదు.

దిగేవాళ్లు దిగారు.
నేను విజిలేశా.